ఏనుగు బిళ్ల

నా చిన్నప్పుడు నేను తిన్నగా చూడలేకపోయిన వస్తువు ఒక్కటే, పక్కింటి అక్క మెడలోని వెండి బిళ్ల. మా ఊరు గుడారిలో చాలామంది ఆడవాళ్లు పాత రూపాయిలకు కొక్కెం వేయించి నల్లతాడుకు గుచ్చుకునేవారు. వాటి మీద తెల్లదొరల రాజు తల ఉండేది. అక్క బిళ్ల మీద మాత్రం ఒకవైపు మా ఏనుగు, రెండోవైపు కావడి మోస్తున్న మనిషి.

మా ఏనుగు అని ఊరికే అనడం లేదు. ఒక కరువు తీరినందుకు గుర్తుగా ఆ బిళ్లలు అచ్చు వేయించింది జమీందారుగా ఉన్న మా ముత్తాత. మా ఇంట్లో ఉన్నవన్నీ ఎవరో తెల్లదొరగారి విందుకు పళ్లేలుగా కరిగిపోయాయట. నాకు ఊహ తెలిసేసరికి జమీ లేదు, పళ్లేలూ లేవు. అలాంటిది, ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైతుల పిల్ల గుండె మీద మా ఏనుగు ఊగుతుంటే నాకు అన్నం సహించేది కాదు.

కొత్తబియ్యం వండుకునే పండుగ రోజున అక్క ఆ బిళ్లను పసుపునీళ్లతో కడుగుతోంది. అది మాదనీ, కావడివాడు మా నౌకరనీ, నౌకర్ల ఇంటివాళ్లు దొరల గుర్తు వేసుకోకూడదనీ గోడ పక్కన నిలబడి చెప్పాను. అక్క బిళ్లను నీళ్లలోంచి తీసింది.

"అంత మనసైతే అట్టుకెళ్లమ్మి. దీపాలేళకి తెచ్చీ," అని తడి బిళ్లను నా చేతిలో పెట్టింది.

గెలిచినదానిలా ఇంటికి వెళ్లి నాయనమ్మకు చూపించాను. ఆవిడ కోప్పడలేదు. ఏనుగు మీద ఏముందో చూసి చెప్పమంది. అంబారీ లేదు, మావటి లేడు. తొండం నేలకు వాలి ఉంది.

"ఆ కరువేడు మన గాదెలు కాళీ అయిపోనాయి. ఈ పక్కింటోళ్ల పెద్దలు ఇత్తనాలకని దాసుకున్న వడ్లు కావిళ్లతో మోసుకొచ్చి మన పొయ్యి ఎలిగించేరు. మీ ముత్తాత ఏనుగు దిగి ఎదురెళ్లేడు. అందుకే దాని మీద ఎవుడూ లేడు. కావడి మోసినోళ్లకే ముందు ఇచ్చేడీ బిళ్లలు. మనం కరిగించుకున్నాం. ఆళ్లు దాసుకున్నారు."

నా అసూయ తగ్గలేదు, పెరిగింది. అంతవరకూ వస్తువు మీద ఉన్నది ఆ ఇంటి మీదకే మళ్లింది. పెట్టిన చెయ్యి వాళ్లది, పుచ్చుకున్నది మాది.

దీపాల వేళకు బిళ్ల తీసుకెళ్లి ఇచ్చాను. నా చేత తప్పు ఒప్పించకుండానే అక్క కుంకుమ గిన్నె నావైపు జరిపింది. నేను కావడి మనిషికి బొట్టు పెట్టాను. ఏనుగుకు పెట్టలేదు.

ఆ బిళ్ల ఇప్పుడు అక్క మనవరాలి మెడలో ఉందని విన్నప్పుడు నాకు మళ్లీ ఆ అసూయే పుట్టింది. మావాళ్ల నుంచి నాకు దక్కింది ఈ వంగని నడుమొక్కటే. కానీ కొత్తబియ్యం మూట మోసుకుని ఎవరైనా మా గుమ్మంలోకి వస్తే, వాళ్లు దాన్ని దించేవరకూ నేను కూర్చోలేను.