చిల్లకల్లు గుంటలో ఎరుపు

దేవదానం మాస్టారు చంద్రుణ్ణి చూసీ చూసీ కళ్లు పాడుచేసుకున్నారని, లేని ఎరుపు ఉందని చెప్పి ఉద్యోగం కూడా పోగొట్టుకున్నారని జగ్గయ్యపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆయన కళ్లు నిక్షేపంగా ఉండేవి. ఇక్కడ నందిగామ బడిలో పేపర్లు దిద్దడానికి ఎర్ర పెన్సిలు చెక్కినప్పుడల్లా ఆ కర్రవాసనకి నాకు ఆయనే గుర్తొస్తారు. ఎందుకో చెబుతాను.

ఆయన మాకు సైన్సు మాస్టారు. వాళ్ల నాన్న మా పెదనాన్న పొలంలో కూలికి వచ్చేవాడు. మిషను బడిలో చదివి ఈయన మాస్టారయ్యారు. మావాళ్లకి అది ఏనాడూ మింగుడుపడలేదు. సర్వేవాళ్లు పారేసిన దుర్భిణి అద్దాలు సంపాదించి, రేకు గొట్టంలో బిగించి, బడి డాబా మీద పెట్టారాయన. సగం చంద్రుడు నెత్తిమీదుండే రోజుల్లో, బడి వదిలాక, దీపాలు పెట్టేలోపు చూసేవాళ్లం. మొదట్లో క్లాసంతా వచ్చింది. నెల తిరిగేసరికి మిగిలింది నేనొక్కదాన్ని. ఎదురు ప్రశ్నలు వేస్తానని ఇంట్లో తిట్టేవాళ్లు. ఆయన ఆ ప్రశ్నల కోసమే నన్ను ఉండనిచ్చారు.

పటం లేదు కాబట్టి చంద్రుడి గుంటలకి మా ఊళ్ల పేర్లే పెట్టుకున్నాం. పెద్దది చందర్లపాడు, దాని కిందిది కీసర, వెలుగూ చీకటీ కలిసేచోట ఉన్న చిన్నది చిల్లకల్లు. ఆయన పద్ధతి ఒకటే. ఇద్దరూ విడివిడిగా చూడాలి. మెట్లగదికి చెరోవైపు కూర్చుని బొమ్మ గీయాలి. కాగితాలు పక్కపక్కన పెట్టేదాకా పెదవి విప్పకూడదు. రెండింటిలోనూ ఉన్నదే నోటుబుక్కులోకి ఎక్కేది.

“మీకు కనబడింది నాకు కనబడకపోతే అది లేనట్టేనా మాస్టారండీ?”

“లేదని కాదమ్మాయ్. ఉందని చెప్పే హక్కు మనకి లేదని.”

ఒక సాయంత్రం చిల్లకల్లు అంచున ఎరుపు కనబడింది, ఆరిపోబోయే కుంపటిలా. నేను ఎర్ర పెన్సిలు తీశాను. తర్వాత చూస్తే ఆయన కాగితంలోనూ అదే చోట అదే ఎరుపు. ఆయన గొట్టాన్ని తిప్పి మళ్లీ చూశారు, నన్నూ చూడమన్నారు. అద్దం దోషమైతే గొట్టంతోపాటు తిరగాలి. తిరగలేదు.

“ఏమిటండీ అది?”

“తెలీదు,” అన్నారు. ఆ మాటని అంత సంతోషంగా అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆకాశాన్ని పరిశీలించే పట్నంవాళ్లకి ఉత్తరం రాసి, బడి ముద్ర వెయ్యమని హెడ్మాస్టర్ని అడిగారు. హెడ్మాస్టరు దాన్ని తిన్నగా బడి కమిటీ ప్రెసిడెంటు దగ్గరికి పట్టుకెళ్లాడు. ప్రెసిడెంటు మా పెదనాన్న.

మర్నాడు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. అందరూ కూర్చున్నారు, మాస్టారొక్కరే నిలబడ్డారు.

“చిల్లకల్లు చంద్రుడి మీదికి పోయిందటగా! మరి శిస్తు ఎవరికి కట్టాలయ్యా?” అన్నాడు పెదనాన్న. అందరూ నవ్వారు. “నేల దున్నేవాళ్లకి ఆకాశంతో ఏం పని?” అని నావైపు తిరిగాడు. “ఏమే, డాబా ఎక్కి నువ్వూ చూశావా ఈ ఎరుపు? చూశానన్నావో, రేపట్నుంచి నీకు బడి లేదు.”

ఇంటిల్లిపాది నోళ్లూ మూయించే నేను, “నాకేం కనబళ్లేదు పెదనాన్నా,” అన్నాను.

మాస్టారి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. రెండు కాగితాలూ అందులోనే ఉన్నాయి. నాదాని మీద నా పేరు, నా ఎరుపు. తీసి బల్లమీద పెడితే చాలు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఇద్దరికీ కనబడాలండి. ఒక్కడి మాట చెల్లదు,” అని, ఉత్తరం అడిగి తీసుకుని తనే చింపేశారు.

నెల తిరక్కుండా ఆయన్ని పంపేశారు. ఎక్కడో దూరాన చనిపోయారని చాన్నాళ్లకి తెలిసింది. నేను కాలేజీకి వెళ్లాను, ఫిజిక్సు చదివాను, ఇదిగో ఈ కుర్చీలో కూర్చున్నాను. నా పిల్లలచేత కూడా ప్రయోగం ఇద్దరిద్దరుగా, మాట్లాడుకోకుండా చేయిస్తాను. మొన్న ఒక పెళ్లిలో ఎవరో ఆ కళ్ల కథే చెబుతుంటే, “నేనూ చూశానండీ ఆ ఎరుపు,” అన్నాను. “ఇన్నేళ్లకా?” అని నవ్వారు. నిజమే, ఇప్పుడు నాదీ ఒక్కదాని మాటే. ఆయన లెక్క ప్రకారం చెల్లదు.

ఒక్కటి మాత్రం చెప్పండి మాస్టారండీ. ఆ కాగితం ఎందుకు తియ్యలేదు? నా చదువు నిలబెడదామనా, ఇలాంటి సాక్షి మీకక్కర్లేదనా?