దగ్గు ముందు, రూలు వెనక

మేడ్చల్‌లో టైల్స్ షాపు నడిపే ఆ మనిషిని మేమంతా చైర్మన్ సాబ్ అనాలి. వాట్సాప్‌లో కుస్తీ లీగు పెట్టింది ఆయనే మరి. ఒళ్లు వంచే పనేం లేదు. తలా ఒక పహిల్వాన్‌ను కల్పించుకుని, వాడి నోటితో ఎదుటివాణ్ని సవాలు చేస్తూ రాయాలి. ఎవరి రాత బాగుంటే వాళ్ల పహిల్వాన్ గెలిచినట్టు. తీర్పు చైర్మన్‌ది. ఛాంపియన్ బెల్టు కూడా ఎప్పుడూ చైర్మన్ పహిల్వాన్‌దే. ఇదేం న్యాయమంటే వాయిస్ మెసేజ్ వచ్చేది. ముందు ఓ దగ్గు, తర్వాత "రూల్ అంటే రూలే తమ్మీ". ఆ రూలు అప్పుడే పుట్టి ఉండేది.

ఒకసారి గౌడవెల్లి మిత్రుడు చైర్మన్ పహిల్వాన్ మీద రాసిన సవాలును గ్రూపంతా ఎగబడి మెచ్చుకుంది. వెంటనే చైర్మన్ తన పహిల్వాన్‌కు మోకాలు విరిగిందని, కుస్తీ రద్దని ప్రకటించాడు.

"గిదేంది సాబ్? లేని మోకాలు ఎట్ల ఇరుగుతది?" అన్నాడు మావాడు.

దగ్గు వినిపించింది. మావాణ్ని గ్రూపులోంచి తీసేశాడు. మిగతావాళ్లు తమంతట తామే పోయారు. నేనొక్కణ్నే బద్ధకంతో ఉండిపోయాను.

మొన్న చూస్తే నాతో కుస్తీ ప్రకటించాడు. నేను రాయడం లేదని నా పహిల్వాన్ సవాలు కూడా తనే రాసుకున్నాడు. చెప్పకూడదు గానీ, తన పహిల్వాన్ మాటలకంటే అవే బాగున్నాయి.

అయినా ఓడించింది నన్నే.