ఎడమవైపు ముడి

అమెరికాలోని ట్రాయ్‌ ఊళ్లో బట్టలు ఆల్టర్ చేసే వకుళ పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. సెప్టెంబరు రాగానే అక్కడి జర్మన్ ఆడవాళ్లు తమ పండగ గౌన్లు తెస్తారు. గౌను మీద కట్టే ఏప్రన్ ముడి ఎడమవైపు ఉంటే మనసింకా ఎవరికీ ఇవ్వనట్టు, కుడివైపు ఉంటే పెళ్లయినట్టు, వెనక ఉంటే భర్త పోయినట్టు. వకుళలాగే భర్త పోయిన ఇన్‌గ్రిడ్ ఆరేళ్లుగా వెనకే కట్టించుకుంటోంది. ఈసారి అద్దంలో చూసుకుంటూ, “ఎడమవైపు కట్టు వకుళా, డాన్స్‌కి ఒకాయన పిలిచాడు,” అంది. వకుళకి కడుపు మండింది. ముడి బిర్రుగా బిగించి, నోట్లోంచి సూదులు తీసి, “నడుం దగ్గర లూజ్ చేయాలి, రేపు రండి,” అంది.

ఆమె వెళ్లాక ఆ ఏప్రన్ తనే కట్టుకుని, ముడిని ఎడమవైపుకి లాక్కుని అద్దం ముందు నిలబడింది. అంతలో తలుపు తోసుకుని, గుళ్లో కనిపించే రేణు బ్లౌజు పట్టుకుని వచ్చింది. రేణుకి ఆ ముడుల సంగతేమీ తెలియదు. అయినా వకుళ చెయ్యి గబుక్కున ముడిని వెనక్కి జరిపేసింది.