గుణశేఖర్ వెతికిన తప్పు

నగరి ఊళ్లో నాలుగు మరమగ్గాలున్న ఇంట్లో పుట్టినవాడు కాబట్టి గుణశేఖర్‌కు ఒక అలవాటు ఎముకలకు పట్టేసింది. గుడ్డలో చార పడితే తప్పు మన మగ్గంలోనే ఉందనుకోవాలి. నూలు అమ్మినవాణ్ణి తిట్టకూడదు, కరెంటును తిట్టకూడదు. మగ్గం ఆపి, పడుగులో పోగు పోగూ వేలితో తడుముకుంటూ పోవాలి. ఏడేళ్ల వయసులో తండ్రి మునివెంకటప్ప అతనికి నేర్పిన మొదటి పని అదే. ముప్పై ఒకటో ఏట, ఒక గురువారం నాడు, ఆ అలవాటే అతని చేత పొద్దస్తమానం గొడ్డుచాకిరీ చేయించింది.

గుణ ఉద్యోగం చెన్నైలో ఒక కంపెనీది. మొదటి రెండేళ్లు తెల్లారకముందే రైలెక్కి పోయేవాడు. తర్వాత వాళ్లే ల్యాప్‌టాప్ ఇచ్చి ఇంటి నుంచి చేయమన్నారు. దుకాణాల్లో బిల్లులు కొట్టే ప్రోగ్రాముకు మార్పులు రాసి, వాటిని కంపెనీ సర్వర్‌కు ఎక్కించడం అతని పని. మౌసుతో నొక్కితే అయ్యేది కాదు. నల్లటి తెర మీద ఒక్కొక్క కమాండూ టైపు చేయాలి. మగ్గాల గదిని ఆనుకున్న చిన్న గదిలో భార్య నందిత కుట్టుమిషన్ బల్లే అతని ఆఫీసు. మగ్గాల మీద వచ్చేది నూలుకే చాలడం లేదు. ఇల్లు నడిచేది ఆ బల్ల మీదే.

పోయిన నెల కంపెనీలో ఎనిమిది మందిని తీసేశారు. మేనేజరు గుణకు ఫోన్ చేసి, "వచ్చే నెల మొదటి గురువారం సాయంత్రం అయిదు లోపల కొత్త మార్పులు సరిగ్గా ఎక్కించు. నీ పేరు గురించి పైన నేను మాట్లాడతాను" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లో అందరూ మూడు వారాలు గడిపారు.

ఆ గురువారం రానే వచ్చింది. తొమ్మిదికి గుణ మొదటి కమాండు కొట్టాడు. అనుమతి లేదంది తెర. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

అతను కంగారు పడలేదు. ఎక్కడో పోగు తెగింది, వెతకాలి, అంతే. నెట్ చూశాడు, బాగానే ఉంది. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. సర్వర్ తనను గుర్తుపట్టడానికి తాళంచెవి లాంటి ఫైలు ఒకటుంటుంది. అది పాతబడిందేమోనని కొత్తది చేశాడు. సర్వర్ దాన్నీ తోసేసింది. కమాండ్లు నడిపే టూలునే పీకేసి, మళ్లీ దించి పెట్టుకున్నాడు. ఇంటి నెట్ వదిలి ఫోన్ నెట్‌కు మారాడు. ఆఫీసు వాళ్లను అడుగుదామంటే మేనేజరు ఫోన్ ఎత్తలేదు, ఆఫీసు గ్రూపులోకి మెసేజీ కూడా పోవడం లేదు. ఇంకొకడైతే అప్పుడే అర్థం చేసుకునేవాడు. గుణ మాత్రం, అదీ ఇదీ ఒకటే తప్పయి ఉంటుందని ఇంకాస్త వంగి కూర్చున్నాడు.

మునివెంకటప్ప చేతుల నూనె తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమిరా అబ్బోడా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"యాడో తప్పుండాది నాయనా. దొరకడం లేదు."

"మగ్గాల సప్పుడు అడ్డమా?"

"లేదులే."

అయినా ఆయన పోయి నాలుగు మగ్గాలూ ఆపేశాడు. నడిమధ్యాహ్నం ఆ ఇంట్లో చప్పుడు ఆగేసరికి పక్కింటి చిన్నబ్బ కిటికీలోంచి తల పెట్టాడు.

"ఏమప్పా, మాకు కరెంటుండాదే, మీ ఒక్క ఇంటికే పోయిందా?"

"మావోడు కంప్యూటర్లో తప్పు ఎతుకుతుండాడు."

"దానికి మగ్గాలు ఆపాల్నా? రేపు వాడు నిద్రపోతే ఈదిలో మగ్గాలన్నీ ఆపమంటావేమో!"

"మగ్గం తర్వాత, ముందు నీ నోరు ఆపబ్బా."

నందిత సంగటి, ఊరిబిండి పచ్చడి పళ్లెంలో పెట్టుకొచ్చింది. ఆమె అతని మేనమామ కూతురే. "ఆ సేత్తో తింటే మీటలన్నీ సంగటే బావా. నోరు తెరు, నేను పెడతా" అంది. తెర మీంచి చూపు తిప్పకుండా నాలుగు ముద్దలు మింగాడు.

"గిరన్నని అడగరాదా?"

"ఆరుసార్లు చేసినా. ఎత్తడం లేదు."

గిరిది పలమనేరు. ఇద్దరూ ఒకే రోజు కంపెనీలో చేరారు. ఫోన్ ఎత్తకపోవడం వాడి తీరు కాదు.

నాలుగూ పదికి ఏదో కొత్త నంబరు నుంచి గిరే చేశాడు.

"యాడ సచ్చినావురా? సర్వర్ నన్ను రానియ్యడం లేదు. ఇంక యాభై నిమిషాలే ఉండాది, నీ పక్కనుంచి ఒకసారి సూడు..."

"ఇంక కొట్టొద్దు గుణా."

"ఏంది?"

"కమాండ్లు. నువ్వు కొట్టేదంతా ఈడ నా తెర మీద ఎర్రగా పడతా ఉండాది. నూట పన్నెండు సార్లు కొట్టినావు. పొద్దన్నించి సూస్తా కూర్సోనుండా. నీ సొంత మెయిల్ సూసుకోలేదా?"

వెతికే పనిలో పడి గుణ దాన్ని తెరవనే లేదు. కంపెనీ నుంచి ఉత్తరం ఎనిమిదీ నలభైకే వచ్చి ఉంది. మీ సేవలు నేటితో ముగిశాయి, ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపగలరు. మూడు వాక్యాలు. అది పంపినవాడే అంతకు పది నిమిషాల ముందు అతని పేరు సర్వర్‌లోంచి కొట్టేశాడు.

"మరి మార్పులు?"

"పదకొండుకే నా సేత ఎక్కించినారు. నీకు సెప్పొద్దన్నారు. సెప్తే నన్ను కూడా..."

గుణకు నాలుక చివరి దాకా బూతు వచ్చింది. గిరికి పోయిన నెలే కూతురు పుట్టింది. మింగేశాడు.

"సరిగ్గా ఎక్కినాయా?"

"నువ్వు రాసింది రాసినట్టే ఎక్కించినా. ఒక్క తప్పు రాలేదురా."

ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో తండ్రి, ఆయన వెనక నందిత.

"దొరికిందా?" అన్నాడు మునివెంకటప్ప.

"తప్పు ఈడ లేదు నాయనా. నన్ను తీసేసినారు. పొద్దన్నే, నేను కూర్సోకముందే."

నందిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన మెల్లగా గడప మీద చతికిలబడ్డాడు. ఉద్యోగం గురించి ఏమీ అడగలేదు. కొడుకు ఎర్రబడ్డ కళ్లనే చూస్తూ, "అయితే ఇంతసేపూ నువ్వు సేసిందంతా?" అన్నాడు.

"ఊరికే."

"ఒక్క మాట సెప్పుంటే వాళ్ల సొమ్మేం పోయేది? పొద్దన్నే ఏడ్సి ఈపాటికి తేరుకోనుందువు గదరా."

అప్పటిదాకా పొడి కళ్లతో ఉన్న గుణ, ఆ మాటకు బల్ల మీద తల వాల్చేశాడు.