సంగటి కెలికేంత చోటు

పెద్దమ్మ పోయిన కబురు నాకు బంధువుల నుంచి రాలేదు. మురుగమల్ల దారిలోని చిన్న ఇళ్ళ వరుసలో ఉండే ఒకామె ఫోన్ చేసింది. టమాట మండీలో కాయలు ఏరే పని ఆమెది. "అక్కా, యాడుండావు? పెద్దమ్మ ఇంక లేదక్కా. పొద్దున కాపీ తీసుకోని పోతే లెయ్యలేదు" అని ఫోన్ పక్కవాళ్ళకిచ్చింది. మా అమ్మకు అక్క ఆమె. ఆ వరుసలో మాత్రం ముసలివాళ్ళకు కూడా పెద్దమ్మే.

చిక్కబళ్ళాపురం కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే నాకు, ఆ శాస్త్రం మీద ఉన్న అనుమానాలన్నీ పెద్దమ్మతో మాట్లాడాకే పుట్టాయి. కొన్ని ఆమెతో మాట్లాడాకే తీరాయి. కన్నడ సీమలో తెలుగు మాట్లాడే మా ఊరి పురసభలో ఆమె సభ్యురాలు. సమావేశాల్లో కన్నడంలో మాట్లాడేది, కోపమొస్తే తెలుగులోకి దిగేది. ఆమె తెలుగు మొదలుపెట్టిందంటే మిగతావాళ్ళు కాఫీలు తెప్పించేవారు.

అప్పట్లో మండీలో పనిచేసే ఆడవాళ్ళు ఊరికి చాలా దూరంలో రేకుల గదుల్లో ఉండేవారు. ఊళ్ళో అద్దెలు వాళ్ళకు అందవు. మురుగమల్ల దారిలో పొలమున్న ఒక కాంట్రాక్టరు అక్కడ పెద్ద పెద్ద ఇళ్ళ సైట్లు వేసి అమ్ముదామనుకుంటున్నాడు. చిన్న ఇళ్ళు కట్టి కూలివాళ్ళకు తక్కువ అద్దెకిస్తే కొన్నేళ్ళు ఇంటి కందాయంలో రాయితీ ఇద్దామని పెద్దమ్మ సభలో పెట్టింది. పన్ను తగ్గితే అతనికీ గిట్టుబాటవుతుందని ఆమె లెక్క.

నాకు నమ్మకం కుదరలేదు. "కందాయం వదిలేస్తే వీధి దీపాలు ఎట్ల వెలుగుతాయి పెద్దమ్మా? రాయితీ తీసుకోని, రేపు ఇళ్ళు ఇంకెవరికో ఇచ్చేస్తే?" అన్నాను.

"అనుమానం నంజుకోకుండా నీకు ముద్ద దిగదు కదమ్మా!" అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, "నువ్వడిగింది నిజమే. ఇంగోసారి చెప్పు, కన్నడంలో చెప్పు. సభలో నేనూ అట్లే అడగల్ల" అంది.

అలా నా అనుమానం ఒక షరతైంది. అద్దె పెంచినా, కూలివాళ్ళను ఖాళీ చేయించినా రాయితీ పోతుంది, తగ్గించిన పన్నంతా తిరిగి కట్టాలి. "అనుమానపడేవాళ్ళని ఎదురుగా కాదు, పక్కన కూర్చోబెట్టుకోవల్ల" అనేది ఆ తర్వాత, నన్ను ఎవరికైనా పరిచయం చేస్తూ.

మొదటి ఇల్లు పూర్తయిన రోజు చూడటానికి నన్నూ తీసుకెళ్ళింది. ఇంజనీరు టేపు పట్టాడు, కొలతలన్నీ సరిపోయాయి. వంటింట్లో గోడ నుంచి గోడ దాకా మెరిసే గ్రానైటు గట్టు. కాంట్రాక్టరు దాన్ని చేత్తో నిమురుతూ నిలబడ్డాడు.

"బాగుండాదప్పా. రాగి సంగటి యాడ కెలకల్ల?" అంది పెద్దమ్మ.

"గట్టు మీదేనమ్మా."

"గట్టు మీదయితే గిన్నె తిరుగుతాది, కట్టె తిరగదు. మీ ఇంట్లో యాడ కెలుకుతారు?"

అతను ఆలోచించాడు. "తినేది తెలుసమ్మా. కెలికేది నేనెప్పుడూ చూడలేదు."

"అయితే కూర్చో. గిన్నెను రెండు పాదాలతో అదిమి పట్టల్ల. ఊఁ, కాళ్ళు చాపు."

భారీ మనిషి. ప్యాంటు ఎగదీసుకుని నేల మీద కూర్చుని కాళ్ళు చాపాడు. పాదాలు గడప దాటి ముందుగదిలోకి వెళ్ళాయి. చూడటానికొచ్చిన మండీ ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నాకు ఫోన్ చేసిన ఆమే అప్పుడు గట్టిగా అంది: "సంగటి ఈ గదిలో, కాళ్ళు ఆ గదిలో! మా పిల్లోళ్ళు యాడ పండుకోవల్ల సామీ, నీ కాళ్ళ మీదనా?" అందరికంటే ఆలస్యంగా అతనూ నవ్వాడు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. బయటికొచ్చాక నాతో అంది: "వంట కుదరని ఇంట్లో వీళ్ళు నిలవరమ్మా. వీళ్ళంతట వీళ్ళే పోతే నీ షరతు ఎవర్ని పట్టుకుంటాది?" అది నాకు తట్టలేదు. కాంట్రాక్టరు గట్టును సగానికి కోయించి, అడ్డగోడను జరిపించాడు. అప్పటినుంచి ప్రతి ఇంటికీ ఇంజనీరు టేపుతో వస్తే, పెద్దమ్మ గిన్నె, కట్టె, రాగిపిండి పట్టుకొచ్చేది. కెలికి, ముద్దలు చేసి, ఉడుకుడుకుగా అందరికీ పెట్టాకే ఆ ఇల్లు బాగుందనేది.

ఒక్క వరుస ఇళ్ళతో ఏం మారుతుందని ఒకసారి అడిగాను. "ఏమో, నాకూ తెలీదు. ఇంగో వరుస కడితే తెలుస్తాది" అంది. ఆ రెండో వరుసకూ రాయితీ ఇవ్వాలని వచ్చే సమావేశంలో ఆమె మాట్లాడాలి. ఆలోపే పోయింది. ఆమె లేని సభలో దాన్ని ఎవరు పట్టించుకుంటారన్నదే, కార్యాలు జరుగుతున్నన్నాళ్ళూ నా దిగులు.

అవి ముగిశాక, మండీ ఆమెతో కలిసి ఆ వైపు వెళ్ళాను. పాత వరుసలో ఇంటింటా సంగటి ఉడికే వాసన. దాని వెనక ఖాళీ నేల మీద కొత్త ఇళ్ళకు సున్నంతో గీతలు గీస్తున్నారు. కాంట్రాక్టరు అక్కడే ఉన్నాడు.

"రాయితీ ఇస్తారో లేదో తేలకుండానే మొదలుపెట్టారే?" అన్నాను.

"ఇయ్యకుంటే నేనే పోయి అడగల్ల కదమ్మా. అడిగే ఆమె లేదు కదా ఇంక" అన్నాడు. నావైపు చూసి, "మీరూ వస్తారా? మీ ప్రశ్నలంటే వాళ్ళకి భయమంట, పెద్దమ్మ చెప్తాండె."

వస్తానన్నాను.

అతను గీతలు దాటుకుంటూ వెళ్ళి ఒక చిన్న గడిలో నిలబడ్డాడు. ఇంకా గోడల్లేని వంటిల్లు అది. ప్యాంటు ఎగదీసుకుని మట్టిలో కూర్చున్నాడు. కాళ్ళు చాపి, రెండు పాదాల మధ్య లేని గిన్నెను అదిమి పట్టి, రెండు చేతులతో లేని కట్టెను ఒకసారి గిరగిరా తిప్పాడు. మడమలు తగిలి సున్నపు గీత చెదిరింది. అతను లేచి మట్టి దులుపుకుంటుంటే, మేస్త్రీ ఏమీ అడగకుండా వంగి, ఆ మడమల గుర్తులకు అవతల కొత్త గీత గీశాడు.