మెత్తళ్ళు తుంచుతూ కలుపుకున్న చుట్టరికం

మా పక్కింటి వార్డెనమ్మ గారు పోయారండీ. పోయిన ఆదివారం పొద్దున్న, చర్చికి తయారై కూర్చున్న కుర్చీలోనే. కబురు తెలిసి నేను పరుగెత్తేసరికే హాస్టల్ పిల్లలంతా గేటు దగ్గర ఏడుస్తున్నారు.

బందరులో ఓ ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్ ఆవిడే చూసుకునేవారు. ఆఫ్రికా దేశాల నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లలు కూడా అందులో ఉంటారు. మన జనం సంగతి చెప్పేదేముంది? ఆ పిల్లలు మంగినపూడి బీచికి వెళ్తే, సముద్రాన్ని వదిలేసి వాళ్ళ చుట్టూ మూగుతారు. "ఫొటో దిగేవాళ్ళు వందమంది! మీ ఇంట్లో ఎవరెవరున్నారమ్మా అని అడిగినవాడు ఒక్కడున్నాడా?" అని మండిపడేవారు ఆవిడ. ఆ కోపమంటే నాకు భలే ఇష్టం.

మలావీ నుంచి వచ్చిన థోకో అనే అమ్మాయి మొదటి సంవత్సరంలోనే చదువు మానేసి వెళ్ళిపోతానంది. సరిగ్గా తినేది కాదు, గది దాటి వచ్చేది కాదు. కాలేజీవాళ్ళు ఎంత నచ్చజెప్పినా వినలేదు. వార్డెనమ్మ గారు అసలు నచ్చజెప్పనే లేదు. ఓ సాయంత్రం ఆ పిల్లని తన వంటింట్లో పీటేసి కూర్చోబెట్టుకుని, గిలకలదిండి నుంచి తెచ్చిన మెత్తళ్ళకి, అవే ఆ చిన్న ఎండుచేపలకి, తలలు తుంచుతూ తన కథ మొదలుపెట్టారు. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. అడ్డుపడిన చోటల్లా పక్కనే కూర్చున్న నేను మాట అందించాను.

"మాది దివిసీమే తల్లీ. చిన్నప్పుడు ఉప్పెనలో మావాళ్ళంతా కొట్టుకుపోయారు. నన్ను తెచ్చి ఈ ఊరి హాస్టల్లో వేశారు. అందరూ పాపం, పాపం అనేవాళ్ళే. మీ అమ్మ ఏం వండేదే అని ఒక్కరూ అడగలేదు. అడిగితే బోలెడు చెప్పేదాన్ని."

ఇన్నేళ్ళ పరిచయంలో ఆ సంగతి నాకూ చెప్పలేదావిడ. థోకో ఆ చేపలకేసి చూసి, "మా అమ్మ కూడా ఇలాంటివే ఎండబెడుతుంది," అంది. ఇక ఆపితే ఒట్టు! వాళ్ళ సరస్సు, నాన్న పడవ, మొక్కజొన్న సంకటి, కోతలు కోసే మేనమామ... ఏడ్చింది, నవ్వింది, మారు అన్నం పెట్టించుకుంది. వెళ్ళిపోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పట్నించి శనివారం సాయంత్రాలు ఆ వంటిల్లు కిటకిటలాడేది. ఆవిడ రూలు ఒక్కటే, ముందు మన పిల్లలు తమ కథ చెప్పుకోవాలి, ఆ తర్వాతే ఆఫ్రికా పిల్లల్ని అడగాలి. "మన గుట్టు దాచుకుని ఎదుటివాళ్ళ గుట్టు లాగుతారేంటర్రా, సిగ్గులేకపోతే సరి!" అనేవారు. ఎంత గొప్ప మాటో చూడండి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకీ తట్టదది.

నిన్న చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ఒక్కొక్కరూ లేచి ఆవిడ గురించి సాక్ష్యం చెప్పారు. దేవత అన్నారు, త్యాగమూర్తి అన్నారు. అన్నీ నిజాలే, కానీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి గురించి వింటున్నట్టు ఉంది నాకు. చివర్లో థోకో లేచింది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం, తెలుగు బాగానే వచ్చేసింది.

"అమ్మగారు ప్రార్థనలో గురక పెట్టేవారండీ," అంది. "నేను లేపితే, 'దేవుడితో మాట్లాడుతున్నానే, మధ్యలో నీ గోలేంటి' అని నన్నే తిట్టేవారు."

చర్చంతా గొల్లుమని నవ్వింది, పాస్టరు గారితో సహా. ముందు బెంచీలో ఉన్న వార్డెనమ్మ గారి కూతురు నవ్వుతూ, ఏడుస్తూ వెనక్కి తిరిగింది.

"ఇంట్లోవాళ్ళకి తప్ప ఆ గురక సంగతి ఎవరికి తెలుసే! అక్కడ నిలబడ్డావేం, ఇలా రా," అంటూ పక్కకి జరిగింది.

థోకో వచ్చి, ఆ కుటుంబం మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.