ఉప్పు చేతికి నీరైన జెల్

2022లో కంకిపాడులో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కలబంద జెల్ చేసి అమ్మేదాన్ని. నేను చదివింది ఐదో తరగతి. పని మాత్రం మహిళా సంఘం శిక్షణలో శ్రద్ధగా నేర్చుకున్నాను. కలబంద రసం దానంతటది చిక్కబడదు. కార్బొమర్ అనే తెల్లపొడి కిలోకి ఐదారు గ్రాములు నానబెట్టి, పైన కాస్త క్షారం చుక్కలు వేస్తే గట్టిపెరుగులా నిలబడుతుంది. జాంథన్ గమ్ అని ఇంకోటుంది. అది ఎక్కువ పడుతుంది, చేతికి జిగురు. దుబారా నాకు గిట్టదు, దాని జోలికి పోలేదు.

నాగమణి చేపలమ్ముకునే మనిషి. పొద్దస్తమానం ఐసులో, రాళ్లుప్పులో చేతులు. వేళ్లు పగిలి నెత్తురు కనపడేది. నా దగ్గర జెల్ కొన్న నాలుగో రోజునే డబ్బా వెనక్కి తెచ్చింది. మూత తీస్తే లోపల నీళ్లు.

"మామ్మగారూ, చెయ్యి పెడితే నీళ్లయిపోతందండి. పగులు మీద నిలబడతంలేదు."

"ఎక్కువ రోజులొస్తుందని నువ్వు పోసిన నీళ్లేగా. పాలల్లో పోసేవాళ్లని చాలామందిని చూశాలేమ్మా."

షెడ్డులో నాతో పనిచేసే ఆడవాళ్లు నవ్వారు. నేను ఆపలేదు.

"చేపలమ్ముతాను గానీ అబద్ధాలమ్మనండి," అని డబ్బా అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర పొడులమ్మే కొట్టాయన మాటల్లో చెప్పాడు, కార్బొమర్‌కి ఉప్పు పడదండీ, తగిలితే విరిగిపోతుందని. ఇంటికొచ్చి చెంచాడు జెల్ మీద చిటికెడు ఉప్పు వేశాను. కలపకుండానే, కళ్లముందే నీరైపోయింది.

జాంథన్ గమ్‌తో ఉప్పుకి విరగకుండా కొత్తగా చేసి, డబ్బా పట్టుకుని చేపల మార్కెట్టుకి వెళ్లాను. నాగమణి కుడిచేతికి చూపుడువేలు లేదు. నా దగ్గర్నుంచి వెళ్లాక చేతులకి ఏమీ రాయలేదట. పగుల్లో చీము పట్టి, ఆస్పత్రికి చేరేసరికే ఆలస్యమైందట. కత్తిపీట ముందు ఆమె తోడికోడలు కూర్చుని చేపలు కోస్తోంది. నాగమణి పక్కన ఈగలు తోలుతోంది.

తప్పు నాదేనని చెప్పాను.

"నాకా రోజే తెలుసు కదండీ," అంది. డబ్బా తీసుకోలేదు.

ఇప్పుడు ఏది చేసినా, డబ్బాలకెత్తే ముందు కాస్త తీసి ఉప్పు వేసి చూస్తాను. పొడి గుణం తెలియకపోవడం నా చదువు లోటు. ఎదురుగా ఉన్న మనిషి మాట పరీక్షించి చూడటానికి చదువుతో పనిలేదు. ఆ రోజు వంటింట్లో ఉప్పు డబ్బా పది అడుగుల దూరంలోనే ఉంది.